బ్రేక్ పెడల్ లూజు పోవాలంటే: కొత్త బుష్, కొత్త పిన్ను, గ్రీజుకి దారి

మోటార్‌సైకిల్ ఆపి, వెనక బ్రేక్ పెడల్ చివర రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. నా బండిలో అది అటు మూడు, ఇటు మూడు మిల్లీమీటర్లు ఆడేది. బ్రేక్ తొక్కితే పెడల్ ముందు పక్కకి ఒరిగి, తర్వాత కిందికి దిగేది. బ్రేక్ పడుతూనే ఉంది కాబట్టి చాలాకాలం పట్టించుకోలేదు. విప్పి కొలిస్తే, పెడల్ తిరిగే పిన్నుకీ ఆ పిన్ను దూరే పెడల్ గొట్టం రంధ్రానికీ మధ్య లూజు అర మిల్లీమీటరే! అర మిల్లీమీటరు అక్కడ ఆరెలా అయింది? పెడల్ గొట్టం పొడవు 30 మి.మీ., అక్కడి నుంచి పాదం ఆనే చోటు 200 మి.మీ. దూరం. 30లో అర మిల్లీమీటరు ఒరిగితే 200 దగ్గరికి వచ్చేసరికి మూడు మిల్లీమీటర్లు దాటుతుంది. రెండో వైపు ఇంకో మూడు.

వెనక చక్రానికి ఎంత బ్రేక్ వేస్తున్నామో పాదానికి తెలిసేది ఈ జాయింటు ద్వారానే. వాన రోడ్డు మీద, కంకర మీద ఆ తెలివిడి చాలా అవసరం. అందుకే ఈ పనిని చిన్న రిపేరుగా తీసిపారేయొద్దని నా మాట. ఇక్కడ రాస్తున్నది రాడ్‌తో లాగే డ్రమ్ బ్రేకు పెడల్ గురించి. డిస్క్ బ్రేకు, గేర్ లింకేజీ సంగతులు చివర్లో చెబుతాను. బండి ఏదైనా పద్ధతి ఇదే. కాస్ట్ ఐరన్ ఇంజిన్ పాత బుల్లెట్‌కి బ్రేక్ ఎడమ వైపు, గేర్ కుడి వైపు ఉంటాయి, అయినా పని ఇదే.

లూజు ఎక్కడుందో ముందు తేల్చుకోండి

పెడల్ ఆడుతోందంటే బుష్ (పిన్ను చుట్టూ గొట్టంలో బిగించే పలుచటి తొడుగు) పోయిందనే అనుకోకండి. బొటనవేలి గోరుని పెడల్ గొట్టానికీ పక్కనున్న ఫ్రేము భాగానికీ మధ్య సందు మీద ఆనించి, రెండో చేత్తో పెడల్ ఊపండి. గోటి కింద కదలిక తెలిస్తే లూజు అక్కడే. పిన్ను కూడా పెడల్‌తో పాటు ఊగుతుంటే పిన్ను బిగింపు వదులైంది. దానికి నట్టు బిగిస్తే చాలు, లేదా ఫ్రేములోని రంధ్రమే అరిగి ఉండొచ్చు. ఇదే పరీక్ష రాడ్ తగిలించిన చోట కూడా చేయండి. అక్కడి చిన్న పిన్ను సగానికి అరిగి స్ప్లిట్ పిన్ను (కొసలు విడదీసి వంచే తీగ పిన్ను) మీద వేలాడుతున్న బళ్లు చూశాను. అది తెగితే వెనక బ్రేకే ఉండదు. ఆ పిన్ను చవక, బుష్ పనితో పాటే మార్చేయండి.

గేర్ లివరు ఇంజిన్ షాఫ్టు మీదే నేరుగా పళ్లతో బిగించిన రకమైతే దానికి బుష్ ఉండదు. అది ఆడుతోందంటే పళ్లు అరిగాయి, లేదా బిగింపు బోల్టు వదులైంది. ఆ జబ్బుకి ఈ మందు పనిచేయదు.

విప్పడం

బండిని సెంటర్ స్టాండు మీద, చదునైన చోట నిలబెట్టండి. విప్పకముందే రెండు ఫోటోలు తీసుకోండి. రిటర్న్ స్ప్రింగు ఏ కొక్కెం నుంచి ఏ కొక్కేనికి వెళ్తోంది, బ్రేక్ లైటు స్విచ్చి స్ప్రింగు ఎక్కడ తగిలి ఉంది, ఈ రెండూ స్పష్టంగా కనపడాలి. తిరిగి కట్టేటప్పుడు ఎక్కువ సమయం తినేది ఇవే.

వెనక డ్రమ్ దగ్గర రాడ్ చివరి అడ్జస్ట్‌మెంట్ నట్టుని పూర్తిగా విప్పండి. నట్టు తీయగానే రాడ్ మీదున్న చిన్న స్ప్రింగూ, గుండ్రటి పిన్నూ జారి కిందపడతాయి, చెయ్యి పట్టి ఉంచండి. రిటర్న్ స్ప్రింగుకి ప్లయర్ వాడితే జారి కంటికి తగిలే ప్రమాదం ఉంది. గట్టి నైలాన్ తాడుని స్ప్రింగు కొక్కెంలోంచి పోనిచ్చి, తాడు పట్టుకుని లాగితే సులువుగా వస్తుంది. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోండి. తర్వాత పెడల్ పిన్ను చివరి నట్టు, సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) లేదా స్ప్లిట్ పిన్ను తీస్తే పెడల్ బయటికి వస్తుంది. తుప్పుతో పట్టేసి ఉంటే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలేయండి. సుత్తితో కొట్టాల్సి వస్తే మధ్యలో అల్యూమినియం ముక్కో చెక్క ముక్కో పెట్టండి. లేకపోతే పిన్ను తల ఉబ్బి, అది బయటికి వచ్చే దారిలోనే రంధ్రం మొత్తాన్ని గీసేస్తుంది.

అరుగుదల ఏం చెబుతోంది

పిన్నుని డీజిల్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూడండి. నా పిన్ను మీద వెనక వైపు సగం ఇంకా మెషిన్ గీతలు కనిపిస్తూ కొత్తగా ఉంది. ముందు వైపు, కాస్త పైకి, వేలు పోనిస్తే ఒక పల్లం తగిలింది. ఆ పల్లం అంచున గోరు ఆగింది. కారణం ఉంది. పాదం కిందికి తొక్కుతుంది కాబట్టి పెడల్ గొట్టం పైగోడ పిన్ను మీద ఆనుతుంది. అదే సమయంలో రాడ్ పెడల్‌ని వెనక్కి లాగుతుంది కాబట్టి గొట్టం ముందుగోడ పిన్ను ముందు భాగాన్ని నొక్కుతుంది. పెడల్ చేయి పొడవు రాడ్ చేయికి నాలుగైదు రెట్లు ఉంటుంది గనుక రాడ్ లాగే బలం పాదం బలానికి అన్ని రెట్లు. అందుకే ముందువైపే ఎక్కువ తింటుంది. గ్రీజు నిపుల్ (గన్నుతో గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఎటు పెట్టాలో ఈ గుర్తే చెబుతుంది, దాన్ని మరిచిపోకండి.

ఇప్పుడు వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) తీయండి. పిన్నుని మూడు చోట్ల కొలవండి: అరగని చివర, అరిగిన చోట ముందు నుంచి వెనక్కి, అదే చోట పై నుంచి కిందికి. నాకు వచ్చినవి 13.98, 13.62, 13.88 మి.మీ. అంటే అది అసలు 14 మి.మీ. పిన్ను, ఇప్పుడు గుండ్రంగా లేదు. గొట్టం రంధ్రం 14.12 ఉంది. లూజు మొత్తం అర మిల్లీమీటరైతే అందులో ఎక్కువ భాగం పిన్నుదే.

చాలామంది పొరపడేది ఇక్కడే. కొత్త బుష్ కొట్టించి పాత పిన్నే వేస్తారు. గుండ్రం పోయిన పిన్ను గుండ్రటి రంధ్రంలో ఒక పొజిషన్‌లో బిగుతుగా, ఇంకో పొజిషన్‌లో లూజుగా ఉంటుంది. కొన్ని నెలల్లో కొత్త బుష్‌ని కూడా తనలాగే చేసుకుంటుంది. కొలతల మధ్య తేడా పదో వంతు మి.మీ. దాటితే పిన్ను మార్చాల్సిందే.

ఏ లోహం

కొన్ని బళ్లలో బుష్ అసలు ఉండదు, ఉక్కు మీద ఉక్కే తిరుగుతుంది. గ్రీజు ఆరిపోయిన రోజు నుంచి రెండూ ఒకదాన్నొకటి తింటాయి. అలాంటి పెడల్ గొట్టాన్ని పెద్దది చేసి బుష్ దిగ్గొట్టడమే అసలైన అప్‌గ్రేడు. ఇకపై అరిగేది బుష్ ఒక్కటే. పెడల్ పదిలంగా ఉంటుంది.

నా ఓటు గన్‌మెటల్‌కే. లేత్ దగ్గర సులువుగా దొరికే రకంలో రాగి 85 శాతం, తగరం 5, జింకు 5, సీసం 5 ఉంటాయి. ఆ సీసం వల్ల చక్కగా కోతపడుతుంది, గ్రీజు కాస్త తగ్గిన రోజున కూడా పిన్నుని పట్టేయదు. ఫాస్ఫర్ బ్రాంజ్ ఇంకా గట్టిది, కానీ పిన్ను కూడా గట్టిగా, నునుపుగా ఉండాలి. ఇత్తడి ఇస్తామంటే వద్దనండి. పసుపుగా మెరిస్తే ఇత్తడి, కొంచెం ఎరుపు తిరిగి ఉంటే గన్‌మెటల్. కోసిన ముఖం మీద ఈ తేడా బాగా తెలుస్తుంది.

నూనె పీల్చుకుని ఉండే రంధ్రాల బ్రాంజ్ బుష్‌లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. మంచివే, కానీ వాటిని పెట్రోల్‌తో కడిగితే లోపలి నూనె పోతుంది, రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి కోసే పనిముట్టు) వేస్తే ఆ సన్న రంధ్రాలు పూడుకుపోతాయి. కొలత సరిగ్గా కుదిరితేనే వాడండి. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న పలుచటి ఉక్కు బుష్‌లకి కూడా రీమర్ తగలకూడదు. మామూలు నైలాన్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, వానాకాలంలో పెడల్ బిగుసుకుంటుంది. ప్లాస్టిక్కే కావాలంటే నీళ్లు అంతగా పీల్చని డెల్రిన్ అనే గట్టి రకం మేలు.

పిన్నుకి ఈఎన్8 అనే మధ్యరకం కార్బన్ ఉక్కు చాలు. బజార్లో 14 మి.మీ. హైటెన్షన్ బోల్టు తెచ్చి పిన్నుగా వేసేద్దాం అనిపిస్తుంది. వేయకండి. బోల్టు నడుము మామూలుగా పేరుకన్నా సన్నగా ఉంటుంది. పైగా మరలు బుష్ లోపలికి వస్తే అవి ఆకురాయిలా కోస్తాయి.

లేత్ దగ్గర ఏం చెప్పాలి

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ రాణీగంజ్ చుట్టుపక్కలో ఈ పనికి మనిషి దొరకడం కష్టం కాదు. చిన్న ఊళ్లలో ట్రాక్టర్ పనిముట్లు చేసే లేత్ మాస్టారు కూడా చక్కగా చేస్తారు. మనం కొలతలు కాగితం మీద రాసి, పెడల్, పిన్ను రెండూ తీసుకెళ్లాలి. మాటల్లో చెబితే తప్పు జరుగుతుంది.

మొదటిసారి నేను "14 పిన్నుకి బుష్ కావాలి మాస్టారూ" అని మాత్రమే చెప్పి వచ్చాను. ఆయన అడిగినట్టే సరిగ్గా 14 రంధ్రంతో చేసిచ్చారు. గొట్టంలోకి దిగ్గొట్టాక పిన్ను పోలేదు. బుష్ బిగుతుగా దిగినప్పుడు బయటి బిగుతంతా లోపలికి నొక్కుకుని రంధ్రం చిన్నదవుతుంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. రెండోసారి వెళ్లి విషయం చెబితే ఆయన నవ్వి, "ముందే అడిగుంటే చెప్పేవాణ్ని కదా బాబూ. ముందు బుష్ దించాలి, తర్వాత రీమర్ వేయాలి, పిన్ను ఆఖర్న లేత్ మీద తిప్పాలి" అన్నారు.

ఈ క్రమం చాలా ముఖ్యం. రంధ్రం ఎంత వస్తుందో నిర్ణయించేది రీమర్. 14 మి.మీ. రీమర్ సాధారణంగా 14.00 నుంచి 14.02 లోపు ఇస్తుంది. రీమర్‌ని మనం మార్చలేం. పిన్నుని మాత్రం లేత్ మీద కావలసినంతకు సన్నం చేయవచ్చు. అందుకే చివరి కొలత పిన్నుది కావాలి.

నా పెడల్‌కి రాసిచ్చిన కొలతలు ఇవి. మీ బండికి అంకెలు మారతాయి, వాటి మధ్య తేడాలు మాత్రం అలాగే ఉంచండి.

- పెడల్ గొట్టం బయట 26 మి.మీ. లోపల 18.00కి పెద్దది చేయాలి. చుట్టూ 4 మి.మీ. ఉక్కు మిగులుతుంది. 2.5 కన్నా తక్కువ మిగిలేలా ఎప్పుడూ తవ్వించకండి, తొక్కుడికి గొట్టం చీలుతుంది.
- బుష్ బయట 18.03. అంటే మిల్లీమీటరులో వందలో మూడు వంతుల బిగుతు.
- బుష్ లోపల ప్రస్తుతానికి 13.8. రీమర్‌కి తినడానికి కొంచెం మిగలాలి.
- బుష్ పొడవు 26.8. గొట్టం 30 ఉంది కాబట్టి రెండు చివరలా 1.6 మి.మీ. చొప్పున ఖాళీ. అందులో లోపల 14, మందం 2 మి.మీ. ఉన్న ఓ-రింగు (రబ్బరు రింగు) కూర్చుంటుంది. పక్క వాషరు దాన్ని కొంచెం నొక్కుతుంది, నీళ్లూ మట్టీ లోపలికి రావు.
- బుష్ రెండు వైపులా బయటి అంచుకి చిన్న ఏటవాలు. అది లేకపోతే దించేటప్పుడు వంకరగా మొదలై గొట్టాన్ని చెక్కేస్తుంది.
- పిన్ను 13.97, నునుపు ఫినిష్. ఇది రీమర్ వేశాకే.
- గొట్టానికి రెండు వైపులా 1 మి.మీ. ఇత్తడి వాషర్లు. అంటే మొత్తం 32. పిన్ను మీద తిరిగే భాగం పొడవు 32.2. ఆ 0.2 లేకపోతే నట్టు బిగించగానే పెడల్ కదలదు.

ఇత్తడి వద్దని ఇప్పుడే అన్నాను కదా, వాషరుకి పరవాలేదు. దాని మీద పడే బరువు చాలా తక్కువ.

పాత బుష్ తీసి కొత్తది దించడం

మీ పెడల్‌లో పాత బుష్ ఉంటే దాని బయటి కొలత కన్నా అర మిల్లీమీటరు సన్నటి రాడ్ ముక్కతో వైస్‌లో నొక్కి బయటికి తోయండి. అవతలి వైపు బుష్ పట్టేంత సాకెట్ పెట్టాలి. కదలకపోతే హాక్సా బ్లేడుని రంధ్రంలోంచి పోనిచ్చి బుష్‌ని పొడవునా కోయండి. గొట్టం ఉక్కు తగిలే ముందు చప్పుడు మారుతుంది, అక్కడ ఆపి చీలికలో చిన్న ఉలితో మడిస్తే ఊడి వస్తుంది.

కొత్త బుష్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పెట్టండి. పెడల్ గొట్టాన్ని మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. 18 మి.మీ. గన్‌మెటల్ బుష్ మామూలు వేడి నుంచి మైనస్ 18 డిగ్రీలకి వెళ్తే దాదాపు 0.015 మి.మీ. కుంచించుకుపోతుంది. ఉక్కు గొట్టం మరిగే నీళ్ల వేడికి అంతే వ్యాకోచిస్తుంది. మనం పెట్టిన 0.03 బిగుతు కొద్ది క్షణాల పాటు దాదాపు మాయమవుతుంది. గ్యాస్ టార్చితో కాల్చే పని లేదు, క్రోమూ పెయింటూ పాడవుతాయి.

అన్నీ దగ్గర పెట్టుకోండి. నీళ్లలోంచి తీసిన గొట్టాన్ని లోపల తుడిచి, బుష్‌ని నిటారుగా ఆనించి, పొడవాటి బోల్టు, నట్టు, రెండు మందపు వాషర్లతో లాగండి. సుత్తి కన్నా ఇది ఎంతో నయం, ఒకే తీరుగా దిగుతుంది. ఆగకుండా లాగండి. మధ్యలో ఆగితే వేడి సమానమై అక్కడే పట్టేస్తుంది. రెండు చివరల ఖాళీ సమానంగా ఉందో లేదో వెర్నియర్ తోకతో చూసుకోండి.

గ్రీజు దారి, రీమర్, పిన్ను

రీమర్‌కి ముందే నిపుల్ రంధ్రం వేయాలి. డ్రిల్ లోపల వదిలే పొడుచుకొచ్చిన అంచుని రీమర్ శుభ్రం చేసేస్తుంది. ఇందాకటి అరుగుదల గుర్తు ఇప్పుడు పనికొస్తుంది. ఒత్తిడి ముందూ పైనా పడుతుంది కాబట్టి రంధ్రం వెనకా కిందికీ ఉండాలి. ఒత్తిడి పడే చోట రంధ్రం పెడితే గ్రీజు లోపలికి పోదు, ఆ చోటే ముందు అరుగుతుంది. ఎం6 (6 మి.మీ. మర) నిపుల్‌కి 5 మి.మీ. డ్రిల్, తర్వాత గొట్టం మందంలో ట్యాప్‌తో మరలు. బుష్‌లో సన్నటి రంధ్రం చాలు. నిపుల్ కింది కొస పిన్నుకి తగలకుండా చూడండి. గొట్టం పలుచగా ఉంటే నిపుల్ మానేసి, ఏటా విప్పి చేత్తో గ్రీజు పెట్టుకోవడం మంచిది.

బుష్ లోపల పొడవునా ఒక సన్నటి గాడి గీయించండి. అది రెండు చివరలకీ మూడు నాలుగు మిల్లీమీటర్ల ముందే ఆగాలి. చివరి దాకా వెళ్తే కొట్టిన గ్రీజంతా అటునుంచి అటే బయటికి పోతుంది.

రీమర్‌ని ఎప్పుడూ ముందుకే తిప్పండి, వెనక్కి తిప్పితే పదును పోతుంది, గోడ గీసుకుంటుంది. అది కూడా లేత్ దగ్గర చేయిస్తే నిటారుగా వస్తుంది. అప్పుడు పిన్నుని లేత్ మీద కొలతకి తిప్పించి, నూనె వేలితో రాసి, రంధ్రంలో నిలబెట్టి వదలండి. తన బరువుకే మెల్లగా, ఆగకుండా దిగాలి, అదే సమయంలో అడ్డంగా ఊపితే చప్పుడు రాకూడదు. నా పిన్ను అలా జారి దిగడం చూసినప్పుడు కలిగిన తృప్తి ఇప్పటికీ గుర్తుంది.

తిరిగి కట్టడం

చివరిసారిగా అన్నీ డీజిల్‌తో కడిగి ఆరనివ్వండి. రీమర్ పొడి ఒక్క రవ్వ మిగిలినా పిన్నుని గీస్తుంది. లిథియం గ్రీజు నంబర్ 2 మామూలు వాడకానికి సరిపోతుంది. ఉప్పుగాలి తగిలే విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరాల్లో ఉన్నవాళ్లు నీళ్లకి కొట్టుకుపోని కాల్షియం సల్ఫొనేట్ గ్రీజు వాడటం మేలు. గాడి నిండా పెట్టి, ఓ-రింగులు, వాషర్లు కూర్చోబెట్టి పిన్ను దించండి. నట్టు పూర్తిగా బిగించాక పెడల్ స్వేచ్ఛగా తిరగాలి. తిరగని పక్షంలో వాషరుని ఎమరీ కాగితం మీద రుద్ది పలుచన చేయండి. నట్టు వదులుగా ఉంచి సర్దుకోవద్దు. స్ప్లిట్ పిన్నులు కొత్తవే వాడాలి.

రిటర్న్ స్ప్రింగు తగిలించాక పెడల్‌ని చేత్తో నొక్కి వదిలితే టక్కున పైకి రావాలి. తర్వాత డ్రమ్ దగ్గరి నట్టుతో ప్లే (బ్రేకు పట్టేలోపు పెడల్ ఖాళీగా దిగే దూరం) సెట్ చేయండి. డ్రమ్ బ్రేకు బళ్లకి పెడల్ చివర 20 నుంచి 30 మి.మీ. సాధారణం, మీ బండి పుస్తకంలో ఉన్నదే ఫైనల్. పాత లూజుకి సరిపెట్టడానికి బిగించుకుంటూ వచ్చిన నట్టు కాబట్టి, ఇప్పుడు ఆ పాత చోటే పెడితే బ్రేకు పట్టేసి డ్రమ్ వేడెక్కవచ్చు. చక్రం చేత్తో తిప్పి చూడండి. బ్రేక్ లైటు స్విచ్చి కూడా మళ్లీ సరిచేయాలి. పెడల్ కొంచెం దిగగానే, డ్రమ్ లోపలి బ్రేకు షూలు పట్టడం మొదలవక ముందే లైటు వెలగాలి.

డిస్క్ బ్రేకు అయితే మాస్టర్ సిలిండర్‌ని తోసే రాడ్ పెడల్ పైకి వచ్చినప్పుడు సిలిండర్‌ని కొద్దిగా కూడా నొక్కకూడదు. నొక్కితే ఆయిల్ వెనక్కి రాదు, పోనుపోను డిస్కు వేడెక్కి బ్రేకు బిగుసుకుంటుంది. రాడ్ పొడవు మార్చి అతి కొద్ది ఖాళీ ఉంచండి.

గేర్ వైపు

లివరు వేరే పిన్ను మీద తిరుగుతూ రాడ్‌తో గేర్ షాఫ్టుని లాగే బళ్లలో ఇదే బుష్ పని చేయవచ్చు. బలం తక్కువ కాబట్టి ఓ-రింగులు లేకపోయినా పరవాలేదు. ముందు రాడ్ చివరల బాల్ జాయింట్లు చూడండి, చాలాసార్లు లూజు వాటిలోనే ఉంటుంది. రాడ్‌కి ఒక చివర ఎడమ మర ఉండొచ్చు. అటువైపు లాక్ నట్టు అలవాటు ప్రకారం తిప్పితే వదలదు, ఇంకా బిగుస్తుంది. విప్పే ముందు రాడ్ మీద కనిపించే మరల సంఖ్య లెక్కపెట్టి రాసుకోండి, లివరు ఎత్తు మళ్లీ అదే వస్తుంది.

మొదటి ప్రయాణం

ఖాళీ రోడ్డు మీద, 20 వేగంలో, వెనక బ్రేకు ఒక్కటే పదిసార్లు వేయండి. పాదానికి పెడల్ కొత్తగా అనిపిస్తుంది. తొక్కుడు తగ్గుతుంది, అలవాటు బలంతో తొక్కితే చక్రం లాక్ అవుతుంది. అందుకే మొదటి రోజు ట్రాఫిక్‌లోకి వెళ్లొద్దంటాను. ఇంటికొచ్చాక డ్రమ్ మీద చెయ్యి పెట్టి వేడి చూడండి, నట్టులన్నీ ఇంకోసారి తాకి చూడండి.

500 కిలోమీటర్ల తర్వాత గోటి పరీక్ష మళ్లీ చేయండి. కొద్దిగా కుదురుకుని ఉండొచ్చు, అక్కడితో ఆగాలి. ఆ తర్వాత ప్రతి ఆయిల్ మార్పుకీ నిపుల్‌లో గన్నుతో రెండు నొక్కులు, వాషరు అంచున కొత్త గ్రీజు కనిపించేదాకా మాత్రమే. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ఆ కుర్రాడికి పెడల్ పిన్ను మీద ప్రెషర్ నీళ్లు నేరుగా కొట్టొద్దని చెప్పండి. నా పాత పిన్నుని తిన్నది చాలామటుకు ఆ నీళ్లే. ఇప్పుడు సర్వీసింగ్ అయిన సాయంత్రమే గన్ను తీసి ఒక నొక్కు కొట్టి బండి లోపల పెడుతున్నాను.